ఆషాఢంలో వియత్నాం

వియత్నాం వెళ్దామని మేమిద్దరం అనుకున్నది పెళ్లయిన రెండో వారంలో. మర్నాడే నేను బజారుకెళ్లి ఒక ప్లాస్టిక్ ఫైలు కొన్నాను. నేను చదివింది కెమికల్ ఇంజనీరింగ్. చేసేది రాంబిల్లి వైపున్న ఒక మందుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ పని. బ్యాచ్ మొదలుపెట్టే ముందు ఏమేం సిద్ధంగా ఉండాలో కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోవడం అక్కడ నియమం. ఆ నియమం నాతోపాటు ఇంటికి కూడా వచ్చేసింది. మా అమ్మ దీన్ని జబ్బు అంటుంది.

దేశాన్ని ఎంచుకున్నది కూడా అలాగే. వీసా కోసం హైదరాబాదో చెన్నైయో వెళ్లి వరసలో నిలబడక్కర్లేకుండా, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని తెచ్చుకోగలగాలి. విశాఖలో ఎక్కితే మధ్యలో ఒక్కచోట మాత్రమే విమానం మారాలి. మా ఫ్యాక్టరీ ఏడాదికొకసారి మరమ్మతుల కోసం ఆగుతుంది. అప్పుడు మెయింటెనెన్స్ వాళ్లకి నిద్ర ఉండదు, ప్రొడక్షన్ వాళ్లకి పని ఉండదు. నాకు వరసగా సెలవు దొరికేది అప్పుడే, అదీ వానాకాలం మొదట్లో. కాబట్టి మనకి వానలు పడే రోజుల్లో వానలు పడని చోటు కావాలి. వర్షపాతం పట్టికలు వెతికితే, వియత్నాం నడుమ భాగంలో దనాంగ్ అనే సముద్రపు ఊళ్లో సరిగ్గా ఆ రోజుల్లో ఎండ కాస్తుందని తేలింది. తిండి అన్నమే. నేను ఇన్ని చూస్తే, నా భార్య అడిగింది మాత్రం ఒక్కటే.

"అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర ఏత్తారాండీ?"

వీసా కంప్యూటర్లోనే వస్తుందనీ, దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకుని వెళ్లాలనీ చెప్పాను. ముద్ర సంగతి నాకూ తెలీదు. వెళ్లొచ్చినవాళ్లు రాసినవి చదివి, దిగినచోట పాస్‌పోర్టులో వేస్తారని సాయంత్రానికి చెప్పాను.

"అయితే అక్కడికే ఎల్దాం" అంది.

ఆమె అనకాపల్లిలోనే ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తోటి అమ్మాయి గల్ఫ్ వెళ్లడానికి పాస్‌పోర్టు పెట్టుకుంటుంటే, తోడు వెళ్లిన ఈమె తనకీ ఒకటి పెట్టేసుకుంది. ఎందుకంటే చెప్పలేదు. పోలీసు వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ వాళ్ల ఊరొచ్చినప్పుడు వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చి, "ఆ గుంట ఏటి సేసింది?" అని అడిగారట. వాళ్ల నాన్నది కొంచెం చెరకు, కొంచెం వరి. ఆయన నవ్వి, "అనకాపల్లి దాటి ఎల్లనేదు, ఏ దేశం ఎలిపోతావమ్మా?" అన్నారట. ఆ తోటి అమ్మాయి గల్ఫ్ వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుని, పిల్లల ఫొటోలు పంపుతోంది. ఈమె పాస్‌పోర్టు మాత్రం పట్టుచీరల కింద అన్ని పేజీలూ ఖాళీగా ఉండిపోయింది. కాపరానికి వచ్చేటప్పుడు పెట్టెలో అడుగున పెట్టి తెచ్చుకుంది.

"ఖాళీగా ఎక్స్‌పైర్ అయిపోతే నాకు సిగ్గుగా ఉంటాది" అంది ఒకసారి. నవ్వుతూనే అంది గానీ, గడువు తేదీ మాత్రం చూసుకోకుండా చెప్పింది. అది మరీ దూరంలో లేదు.

కావలసినవి ఒక్కొక్కటే ఫైల్లో చేరాయి. పాస్‌పోర్టులో మొదటి పేజీ స్కాన్, రానూపోనూ టికెట్లు, హోటల్ బుకింగ్, ఏ ఎయిర్‌పోర్టులో దిగి ఏ ఎయిర్‌పోర్టులో ఎక్కుతామో ఆ వివరం. ఇబ్బంది పెట్టింది ఫొటో ఒక్కటే. తెల్ల గోడ ముందు, కళ్లజోడు లేకుండా, నవ్వకుండా తీయాలి. ఫొటోలో మార్పులు చేయకూడదు. మెయిన్ రోడ్డు స్టూడియోలో తీయించుకుని ఇంటికొచ్చి కవరు విప్పితే, ఇద్దరం సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాం. నా బుగ్గ మీది పుట్టుమచ్చ లేదు. ఇద్దరం వెనక్కి వెళ్లాం.

"అన్నా, ఇది వీసా ఫొటో. ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

"ఉన్నది ఉన్నట్టు ఇత్తే మా స్టూడియోకి ఎవులొత్తారు సార్?" అన్నాడతను. "పోనీ మచ్చ ఒక్కటీ ఎట్టెయ్యనా?"

"అన్నీ పెట్టేయ్."

"మేడం గారివి కూడానా?" అని నా వెనక చూశాడు. మేడం గారు నవ్వాపుకోలేక రోడ్డు మీదికి వెళ్లిపోయారు.

అప్లికేషన్లో ఒక చోట, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వీసా కావాలి అని అడుగుతారు. మూడు నెలల దాకా అడగొచ్చు. నేను మా విమానం దిగే తేదీ, తిరిగి ఎక్కే తేదీ రాశాను. ఎంత ఉంటామో అంత అడగడమే పద్ధతి అనిపించింది. నాలుగైదు పనిరోజుల తర్వాత రెండు వీసాలూ వచ్చాయి. రెండేసి కాపీలు ప్రింటు తీసి కవర్లలో పెట్టాను. అన్నీ చేతికి వచ్చాక పెద్దవాళ్లకి చెబుదామని అప్పటిదాకా ఇంట్లో తేదీల మాట ఎత్తలేదు.

ఆ ఆదివారం మావయ్య, అంటే నా భార్య నాన్న, మామిడిపళ్ల సంచీతో వచ్చారు. మా ఇల్లు బెల్లం మార్కెట్టు వెనక వీధిలో. నాన్న మార్కెట్లో ఒక కొట్లో గుమస్తా, ఆ వేళకి ఇంట్లో ఉండరు. నాయనమ్మ ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉంది. అమ్మ కాఫీ ఇచ్చింది. మావయ్య కాఫీ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చిన పని చెప్పారు.

"అల్లుడుగారూ, వచ్చే లచ్చివారం పొద్దున్నే వచ్చి అమ్మాయిని తీసుకెల్తానండి. ఆ మర్నాటి నుంచి ఆషాఢం కదా. నెల పోయాక మీరొచ్చి తెచ్చుకుందురు."

నాకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కొత్తగా పెళ్లయిన ఇంట్లో మొదటి ఆషాఢం నెలంతా అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. అందుకని కోడలు పుట్టింటికి వెళ్లిపోతుంది. ఇది నాకు తెలియని సంగతేం కాదు. మా అక్క విషయంలో నేనే బస్సెక్కించాను. కేలెండర్ కూడా గోడ మీదే ఉంది. నేను అందులో సెలవులు చూశాను గానీ, అంకెల కింద చిన్నక్షరాల్లో ఉన్న తిథులు చూడలేదు.

"ఆ తర్వాత వారంలో మాకు ఫ్లైటుంది మావయ్యా" అన్నాను.

"ఎక్కడికండి?"

"వియత్నాం."

ఆయన మా అమ్మ వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది.

"ఎవులెల్తన్నారు?" అని అడిగింది.

"మేమిద్దరం."

"అన్ని లిస్టులు రాత్తావు కదరా," అంది అమ్మ, "అందులో ఆషాఢం ఎక్కడా నేదేటి?"

మావయ్యకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆయన తలపాగా తువ్వాలు తీసి మోకాలి మీద మడత పెట్టుకుంటూ నెమ్మదిగా మాట్లాడారు. "మీరిద్దరూ సరదాగా ఎల్తే నాకేటి బాబూ, సంతోసమే. కానీ మా ఊర్లో అడుగుతారు. ఆషాఢంలో పిల్ల పుట్టింట్లో నేదంటే ఏటైనాదని అడుగుతారు. అత్తోరు పంపనేదా, అల్లుడితో గొడవా అంటారు. వియత్నాం ఎలిపోనాదని సెప్తే నమ్ముతారేటి? రెండు నెలలు ఆగి ఎల్లండి."

రెండు నెలలు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఫ్యాక్టరీ మళ్లీ నడుస్తుంటుంది, సెలవు ఇవ్వరు. టికెట్లు మార్చడానికి వీల్లేని రకం. వీసాలో నేను అచ్చంగా రాసిన తేదీలు దాటితే అది ఉత్త కాగితం. మూడు నెలలకి అడిగి ఉంటే కనీసం అదైనా నిలిచేది. ఇదంతా వరసగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పోనీ వచ్చే ఏడు ఎల్దురు" అన్నారు.

నా భార్య వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చే ఏడు అనే మాటకి మా ఇళ్లలో అర్థం ఏమిటో ఆమెకి తెలుసు. వచ్చే ఏడాదికి ఎవరో ఒకరికి ఒంట్లో బాగుండదు, లేదంటే చంటిపిల్ల ఉంటుంది. వాళ్ల నాన్నని బస్సెక్కించి వచ్చాక, నా ఫైల్లోంచి తన పాస్‌పోర్టు తీసుకుని, "నాది నా దగ్గరుంటాది లెండి" అంది. ఫైల్లో ఆ కవరు ఖాళీ అయింది. రెండు రోజులు ఆమె ఇంట్లో అందరితో మామూలుగానే మాట్లాడింది గానీ నవ్వలేదు.

ఆ పాస్‌పోర్టు తీసుకోవడం నాయనమ్మ చూసింది. మూడో రోజు నేను డ్యూటీలో ఉండగా, "ఆ పుస్తకం ఏటే, ఇలాగ తే" అని అడిగి తెప్పించుకుందట. పేజీలు తిప్పి, "ఏటీ రాయనేదు ఇందులో?" అందట.

"ఎక్కడికైనా ఎల్తేనే రాత్తారు మామ్మగారూ" అందట నా భార్య.

నాయనమ్మ పుస్తకం తిరిగిచ్చేసింది. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటేనే పిలిచింది.

"ఒరే, ఇలాగ రా. కూకో."

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ఆ ఊర్లో మనోలెవులైనా ఉన్నారా?"

"లేరు నాయనమ్మా."

"దాని పుట్టింటోలు?"

"వాళ్లూ లేరు."

"ఎవులింట్లో దిగుతారు?"

"హోటల్లో."

"ఆ ఓటేలు ఎవులిది?"

"ఎవరో అక్కడివాళ్లది."

"అత్తోరిది కాదు కదా?"

"కాదు."

"మీ అమ్మ వత్తాదా?"

"నన్నెవులు పిలిసేరు?" అంది అమ్మ వంటగదిలోంచి.

నాకు లోపల ఆశ్చర్యంగా ఉంది. వీసా అప్లికేషన్లో ఇంచుమించు ఇవే ప్రశ్నలు, ఇదే వరసలో ఉన్నాయి. ఆ దేశంలో బంధువులున్నారా, ఎక్కడ బస, వెంట ఎవరొస్తున్నారు. మిగిలింది ప్రయాణ కారణం. అదీ వచ్చింది.

"ఎందుకెల్తన్నారు?"

"చూడ్డానికి."

"ఏటి సూత్తారు?"

"సముద్రం."

"పూడిమడకలో నేదా సముద్రం?"

"ఉంది" అన్నాను. తలుపు వెనక నుంచి నవ్వు వినిపించింది.

నాయనమ్మ అటు చూసి, మళ్లీ నా వైపు తిరిగి అసలు ప్రశ్న వేసింది. "అక్కడ ఆషాఢం ఉన్నాదా?"

లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ దనాంగ్ గురించి చదువుతున్నప్పుడు వాళ్ల పండగల సంగతి కూడా చదివాను. "వాళ్లు కూడా పండగలకి చంద్రుణ్ని బట్టే నెలలు లెక్కేస్తారు నాయనమ్మా. పేర్లు వేరు, నెలలు ఇంచుమించు ఇవే."

"మరైతే అక్కడా ఆషాఢమే."

"ఇంచుమించు."

వంటగదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. "ఇంచుమించట! నేదని సెప్పెయ్యడానికి నోరు రాదేట్రా నీకు?" అంది అమ్మ. అమ్మ మా పక్షం అని నాకు అప్పటిదాకా తెలీదు.

నాయనమ్మ మాత్రం నవ్వింది. నవ్వి, కాళ్లు పైకి తీసుకుని, వాళ్ల మొదటి ఆషాఢం గురించి చెప్పింది. పెళ్లయిన నెలకే ఆమె పుట్టింటికి వెళ్లిందట. మొదటి వారంలోనే తాత ఆ ఊరు వచ్చాడట. ఎందుకొచ్చావయ్యా అంటే, ఎవరో ఎడ్లు అమ్ముతున్నారని విన్నాను, చూడ్డానికొచ్చానన్నాడట. "మా ఊర్లో అప్పుడు అమ్మే ఎడ్లే నేవు. అయినా వారం వారం వచ్చీవోడు. గడప తొక్కనేదు. అరుగు మీద కూకుని మజ్జిగ తాగీవోడు. నాను తలుపు లోపల, మీ తాత తలుపు బైట. మా నాన కూడా ఏటీ అననేదు. అరుగు మీద కూకోడానికి ఏ ఆషాఢం అడ్డురా?"

"మరి మా సంగతి?" అన్నాను.

"సెప్పింది అదే కదా. గడప తొక్కితే తప్పు. అది మనింటి గడప తొక్కకూడదు, మీ అమ్మ ఉంటాది. నువ్వు ఆలింటి గడప తొక్కకూడదు, మీ అత్త ఉంటాది. మూడో గడప ఏదైనా మీ ఇష్టం. మిగతా సంగతి మీ ఇద్దరి బుద్ధికి ఒదిలేత్తన్నాను. నడెండల్లో పురుడొత్తే మాత్రం నన్ననకండి."

తలుపు వెనక ఇప్పుడు నవ్వు కూడా లేదు, మనిషే లేదు.

తర్వాత నాయనమ్మ నా చేత మావయ్యకి ఫోన్ చేయించింది. ఫోన్ ఎంత దూరంలో ఉన్న మనిషికైతే అంత గట్టిగా మాట్లాడాలని ఆమె నమ్మకం. ఆ మాటలు మార్కెట్టు దాకా వినిపించి ఉంటాయి.

"బాబూ, నాను. పిల్లని లచ్చివారం నువ్వే తీసుకెల్లు. ఆషాఢం మీ ఇంట్లోనే సెయ్యి. ఇమానం ఎక్కే రోజున మీ ఇంటి కాడి నుంచి నువ్వే ఎయిర్‌పోర్టుకి తీసుకురా. దిగిన రోజున నువ్వే ఎల్లి మీ ఇంటికే తీసుకెల్లిపో. ఊర్లో ఎవులైనా అడిగితే, ఆల్ల ముసిల్ది పంపమంది, నానేటి సెయ్యను అను. నా మీద ఏసెయ్యి. నన్నెవులు అడుగుతారు?"

అవతల నుంచి ఆయన గొంతు వచ్చింది. "మీరంతటోరు సెప్తే ఇంక నాకేటండి. అలాగే తెత్తాను."

నా భార్య ఆ రాత్రి పాస్‌పోర్టు తెచ్చి ఫైల్లో, దాని కవర్లో పెట్టింది. పెట్టి, కవరు సరిగ్గా మూసుకుందో లేదో ఒకసారి నొక్కి చూసింది. నాయనమ్మ పెట్టిన షరతులన్నీ నేను ఒక కాగితం మీద రాసి, వీసా ప్రింటు వెనకే ఉంచాను. చదివితే రెండింటిలో ఏది కఠినమైందో చెప్పడం కష్టం.

ఆషాఢం మొదలైంది. ఆమె రోజూ రాంబిల్లి వైపే ఉన్న పుట్టింటి ఊరి నుంచి బస్సులో ల్యాబ్‌కి వచ్చేది. నేను షిఫ్టు నుంచి వచ్చే వేళకి ఆమె వెళ్లే వేళ అయ్యేది. ఇద్దరం బస్ కాంప్లెక్స్‌లో టీ కొట్టు దగ్గర కలిసేవాళ్లం. పెళ్లికి ముందు మాకు ఇలాంటి రోజులు లేవు. మాది పెద్దవాళ్లు కుదిర్చిన సంబంధం, చూపులయ్యాక తిన్నగా పెళ్లే. ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే ఆమె మొహం తిప్పుకుని, "బస్సు కోసమండి" అనేది. టీ కొట్టతను మా వాలకం చూసి రెండో రోజే అడిగేశాడు.

"పెల్లి ఎప్పుడు బావా?"

"అయిపోయింది" అన్నాను.

"మరి ఇక్కడేటి పని?"

"ఆషాఢం."

"ఓహో" అని, ఇంకెప్పుడూ అడక్కుండా టీలో పంచదార మాత్రం ఎక్కువ వేసేవాడు.

ఆ టీ కొట్టు బల్ల మీదే ఆమెకి దిగాక ఏం జరుగుతుందో చెప్పాను. పాస్‌పోర్టు, వీసా ప్రింటు కలిపి కౌంటర్లో ఇవ్వాలి. ఎన్నాళ్లుంటారు, ఎక్కడుంటారు అని అడగొచ్చు, అడక్కపోవచ్చు. ఆమె ఇంగ్లిష్ జవాబులు నోట్లోనే చెప్పుకుంటూ బస్సెక్కేది.

బయల్దేరే రోజున నేను ఇంటి నుంచి, ఆమె పుట్టింటి నుంచి విడివిడిగా విశాఖ ఎయిర్‌పోర్టు చేరుకున్నాం. అమ్మ రాలేదు. ఎయిర్‌పోర్టు గుమ్మం కూడా గుమ్మమే అని నాయనమ్మ ముందే చెప్పింది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురి సూట్‌కేసు పక్కన నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో గుడ్డసంచీ ఉంది.

"కొంచెం బెల్లం, కొంచెం ఎండు నెత్తల్లు. పరాయి దేశంలో నోరు సప్పబడిపోతాది."

"బెల్లం పరవాలేదు మావయ్యా. చేపలు వద్దు. దిగినచోట అడుగుతారు."

"ఆలు సేపలు తినరేటి?"

"తింటారు. వాళ్లవి తింటారు. బయటివి రానివ్వరు."

"మంచి నెత్తల్లండి, పూడిమడకవి."

"అయినా రానివ్వరు."

ఆయన సంచీ విప్పి బెల్లం పొట్లం నాకిచ్చి, నెత్తళ్ల పొట్లం తన చేతిలోనే ఉంచుకున్నారు. "మా ఊర్లోనూ అంతే, ఆ దేశంలోనూ అంతే. అన్నిటికీ ఏదో ఒకటి అడ్డు" అని నవ్వేశారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను టికెట్లు చూసి, మమ్మల్ని మాత్రం లోపలికి వదిలాడు. కూతురు వెనక్కి తిరిగి చెయ్యి ఊపినప్పుడు ఆయన కూడా పొట్లం ఉన్న చెయ్యే ఊపారు.

విమానం మారేది కౌలాలంపూర్‌లో. మాకు మలేసియా వీసా లేదు, అక్కర్లేదు కూడా. ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్లకుండా, ట్రాన్సిట్ అని రాసి ఉన్న వైపు నడిచి, పెద్ద హాల్లో కుర్చీల్లో కూర్చున్నాం. అద్దాల అవతల ఆ దేశం ఉంది. నాయనమ్మ కథలో తాత కూర్చున్నచోటు ఇదే అనిపించింది. ఇది ఆ దేశానికి అరుగు. లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. మా అమ్మ నాకిచ్చి పంపిన ఉప్మా డబ్బాని నా భార్య తెరిచింది. "మజ్జిగ నేదు" అంది. ఇద్దరం ఒకే ఆలోచనలో ఉన్నామన్నమాట.

దనాంగ్‌లో దిగేసరికి ఎండ కాస్తోంది. పట్టికలు అబద్ధం చెప్పలేదు. ఇమిగ్రేషన్ హాల్లో వరసలు పొడుగ్గా ఉన్నాయి. ఇద్దరం కలిసి కౌంటర్ దగ్గరికి వెళ్దామని నేను అనుకున్నాను. ఆమె ఫైలు తెరిచి, తన పాస్‌పోర్టు, తన వీసా కాపీ మాత్రం తీసుకుంది.

"మీరు వెనకుండండి. నానే మాటాడతాను."

పసుపు గీత దగ్గర నన్ను నిలబెట్టి తను వెళ్లింది. అద్దం వెనక యూనిఫాంలో ఉన్న ఆఫీసరు వయసులో ఆమె కంటే చిన్నదిలా ఉంది. పాస్‌పోర్టు తెరిచి, ఫొటో చూసి, ఆమె మొహం చూసి, మళ్లీ ఫొటో చూసింది. ఏదో అంది. నా భార్య కళ్లజోడు తీసింది. ఆ పాస్‌పోర్టు ఫొటో నాటికి ఆమెకి కళ్లజోడు లేదు, మెడలో పసుపుతాడు లేదు, జుట్టు రెండు జడలుగా ఉంది. ఆఫీసరు మళ్లీ చూసింది. నేను గీత దాటకుండా ఎంత ముందుకి వంగొచ్చో అంత వంగాను. నా దగ్గర పెళ్లి సర్టిఫికెట్ ఉంది, ఆధార్ ఉంది, హోటల్ బుకింగ్ ఇంగ్లిష్‌లోనూ వియత్నాం భాషలోనూ ఉంది. అవన్నీ నా చేతిలో ఉన్నాయి, ఆమె అక్కడ ఒక్కతే ఉంది.

ఆమె ఏదో చెప్పింది. రెండు చేతులూ భుజాల మీద పెట్టి, జడలు ఎలా ఉండేవో చూపించింది. ఆఫీసరు నవ్వింది. పేజీలు తిప్పి చూసి, ఎక్కడ వెయ్యాలా అని క్షణం ఆలోచించినట్టుంది. అన్నీ ఖాళీయే కదా. తర్వాత ముద్ర చప్పుడు నేనున్నచోటికి వినిపించింది.

ఆమె గేటు దాటి అవతలికి వెళ్లిపోయింది. నా వంతు వచ్చింది. నన్ను ఆ ఆఫీసరు ఏమీ అడగలేదు. మొహం కూడా సరిగ్గా చూడలేదు. నేను సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ వాడకుండానే బయటపడ్డాను. అవతల నా భార్య సూట్‌కేసులు తిరిగే బెల్టు పక్కన నిలబడి, తెరిచిన పాస్‌పోర్టు మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. మా రెండు సూట్‌కేసులూ ఆమె ముందు నుంచి తిరిగి వెళ్లిపోయాయి.

"వెళ్లిపోతున్నాయి" అన్నాను.

"మల్లీ వత్తాయి లెండి. ఇది సూడండి. కొంచెం వొంకరగా ఏసింది."

"వంకరగా వేసినా చెల్లుతుంది."

"చెల్లుతాదా లేదా అని అడగనేదండీ. బాగుంది కదా?"

బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

హోటల్లో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మా ఇద్దరి పాస్‌పోర్టులూ అడిగింది. రేపు తిరిగిస్తానంది. విదేశీయులు ఎవరు దిగినా హోటల్ వాళ్లు పోలీసులకి తెలియజేయాలని అక్కడి నియమం. నేను దాన్ని ముందే చదివాను. నాది తీసి ఇచ్చేశాను. నా భార్య తన హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇచ్చేయ్. ఇక్కడ రూలు అది" అన్నాను తెలుగులో.

"రూలు ఆలది. పుస్తకం నాది. రాత్రంతా ఇక్కడ సొరుగులో ఉంటే నాకు నిద్ర పడతాదేటి?"

"ఏమీ అవదు."

"మీరు నాది కూడా ఇమ్మంటారేటి? ఇప్పుడే కదా ముద్ర పడింది."

ఆ అమ్మాయికి మా భాష తెలీదు గానీ విషయం తెలిసిపోయింది. నవ్వి, వెనకనున్న జిరాక్స్ మెషిన్ చూపించింది. ఒక కాపీ ఉంటే చాలట. నా భార్య అప్పుడు కూడా పాస్‌పోర్టు ఆమె చేతికివ్వలేదు. కౌంటర్ పక్క నుంచి చుట్టూ తిరిగి తనే మెషిన్ దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ కలిసి మూత ఎత్తి, పేజీ తెరిచి, అద్దం మీద బోర్లించారు. పచ్చటి వెలుగు ఒక చివర నుంచి ఇంకో చివరికి పాకింది. ముద్ర ఉన్న పేజీ కూడా తీయమని నా భార్య సైగ చేసింది. నియమం ప్రకారం అది కావాలో లేదో నాకు తెలీదు. ఆ అమ్మాయి తీసింది. రెండో కాపీ కూడా తీసి, అది ఆమెకే ఇచ్చింది.

నా పాస్‌పోర్టు సొరుగులోకి వెళ్లింది. ఆమె తన పాస్‌పోర్టుతో నా దగ్గరికొచ్చి, లిఫ్ట్ కోసం ఎదురుచూస్తూ దాన్ని నా చేతిలో పెట్టింది.

"ముట్టుకోండి. ఎంత వెచ్చగా ఉందో."

మెషిన్ వేడికి నిజంగానే వెచ్చగా ఉంది. కాసేపు పట్టుకోనిచ్చి, చల్లారకముందే వెనక్కి తీసుకుంది.